టీచర్ మీద అమ్మకి చెప్తా

ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పడం మొదలుపెట్టిన మూడో రోజే మా చిన్నోడు నా మీద నాకే కంప్లైంట్ చేశాడు.

మొదటి రోజు హాల్లో చాప పరిచి, చిన్న బల్ల వేసి, "ఇదే మన బడి. ఇక్కడ కూర్చున్నంతసేపూ నేను టీచర్‌ని, అమ్మని కాదు" అని చెప్పాను. ఒక పద్ధతి అలవాటవుతుందని అన్న మాట అది. ఐదేళ్ల పిల్లాడు దాన్ని తు.చ. తప్పకుండా పట్టుకున్నాడు. మూడో రోజు 'ఋ' రాయిస్తున్నాను. చివరి వంకర ఒకసారి పైకి పోతోంది, ఒకసారి పక్క గీత దాటి కిందికి వేలాడుతోంది. "ఇంకొక్కసారి రాయి నాన్నా" అన్నాను నాలుగోసారి. వాడు పెన్సిల్ బల్ల మీద పెట్టి లేచాడు. వంటింట్లోకి వెళ్లి అక్కణ్ణుంచి "అమ్మా, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు.

వెళ్లాను. నా కాళ్లు చుట్టేసుకుని, గొంతు తగ్గించి, హాలు వైపు ఒకసారి చూసి చెప్పాడు: "టీచర్ నాలుగుసార్లు రాయించింది. నాకు వేళ్లు నొప్పి. నువ్వు చెప్పవా?"

నవ్వు తన్నుకొస్తోంది. కానీ వాడి మొహంలో ఎక్కడా ఆట లేదు. నిజంగానే అమ్మకి చెప్పుకుంటున్నాడు. హాల్లో ఉన్నది టీచరు, వంటింట్లో ఉన్నది అమ్మ. ఆ హద్దు గీసింది నేనే. వేళ్లు కాస్త నిమిరి, "సరే, నేను మాట్లాడతాలే" అన్నాను. మళ్లీ హాల్లోకి వచ్చి చాప మీద కూర్చుని, "మీ అమ్మగారు చెప్పారు. ఈ రోజుకి చాలు, రేపు రాద్దాం" అన్నాను. వాడు బుద్ధిగా తలూపి పుస్తకం మూసేశాడు. పక్కనే కూర్చున్న మా పాప నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి మా వంటిల్లు ఫిర్యాదుల ఆఫీసయిపోయింది.

ఉద్యోగం వల్ల ఏడాది మధ్యలో ఇల్లు మారాల్సి వచ్చింది. అప్పటికి పాపకి ఎనిమిదేళ్లు. కొత్త చోట బడిలో చేర్చడం కుదరక, ఆ ఏడాదికి ఇంట్లోనే చదివిద్దాం అనుకున్నాం. పొద్దున నేను చెప్పడం, సాయంత్రం మా ఆయన లెక్కలు చూడటం అని పంచుకున్నాం. చార్టు మీద టైంటేబుల్ గీశాను. తొమ్మిది నుంచి మూడున్నర దాకా ఏడు పీరియడ్లు, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో రంగు. నాలుగో రోజుకే తెలిసింది, పదకొండున్నరకల్లా ఆ రోజు చెప్పాలనుకున్నదంతా అయిపోతోందని. ఇంకా ఏదో వదిలేశానేమోనని నాకు ఒకటే టెన్షన్. రెండు రాత్రులు పుస్తకాలు తిరగేస్తే తేలింది, ఏమీ వదల్లేదు. ఇద్దరే పిల్లలు. హాజరు పిలవక్కర్లేదు, నలభై నోటుబుక్కులు దిద్దేదాకా ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనికి కంగారు పడొద్దని గట్టిగా చెప్తాను. మిగిలిన టైముని మళ్లీ పీరియడ్లతో నింపకండి. పిల్లలు ఆటలో పడి ప్రశ్నలు అడిగేది అప్పుడే.

బెల్లు విషయం కూడా చెప్పాలి. స్టీలు పళ్లెం, గరిటె మా బెల్లు. కొట్టే బాధ్యత చిన్నోడిది. మొదటి రోజు పది నిమిషాలకే లాంగ్ బెల్ కొట్టి, "అందరూ ఇళ్లకి వెళ్లిపోవచ్చు" అని అనౌన్స్ చేశాడు. "పెద్ద ముల్లు పన్నెండు మీదికి వస్తేనే కొట్టాలి" అని రూలు పెట్టాను. దాంతో వాడు పాఠం వింటూ వింటూ బల్ల మీది టైంపీసుని కనిపెట్టుకుని ఉండేవాడు. వారం తిరక్కుండానే గడియారం చూడటం వచ్చేసింది. నేను నేర్పిందేమీ లేదు. తర్వాత ఒకరోజు ఠంగున బెల్లు మోగింది. చూస్తే టైంపీసులో పన్నెండు. ఫోన్లో పదీ ఇరవై! వెనక మర తిప్పేశాడు. కోప్పడదామనుకుని, "చిన్న ముల్లు కూడా పన్నెండు మీదికి ఎలా తెచ్చావురా?" అని అడిగాను. "పెద్దది ఒక రౌండ్ తిరిగితే చిన్నది ఒక అంకె జరుగుతుంది కదా. అందుకే దాదాపు రెండు రౌండ్లు తిప్పా" అన్నాడు. వచ్చే వారం చెప్పాలని నేను నోట్సు రాసుకున్న పాఠం అది.

ఆ రోజే ఒక డైరీ మొదలుపెట్టాను. 'అన్‌స్కూలింగ్' (బడి పద్ధతి లేకుండా పిల్లలు తమ ఆసక్తిని బట్టి నేర్చుకోవడం) అనే మాటని వాడుకలోకి తెచ్చిన అమెరికన్ టీచరు జాన్ హోల్ట్ బడిలో చెప్పే రోజుల్లో, పిల్లలు ఎక్కడ ఎలా తడబడుతున్నారో గమనించి రాసిపెట్టుకునేవారు. 1977లో ఇంటి చదువుల కోసమే ఒక పత్రిక కూడా మొదలుపెట్టారాయన. ఆయన గురించి చదివాక నాకూ ఆ అలవాటు పట్టుకుంది. పిల్లలు నవ్వించిన మాట ఏదైనా సరే, తప్పయినా సరే, ఆ రాత్రే రాసేయడం. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ డైరీలోంచే.

అందులో మొదటి పేజీ మొత్తం అంకెలే. చిన్నోడు "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది" దాకా దూసుకెళ్లి, ఆగకుండా "ఇరవై పది, ఇరవై పదకొండు, ఇరవై పన్నెండు" అని వెళ్లిపోయేవాడు. పాప పడీపడీ నవ్వేది. నేనూ మొదట్లో నవ్వాను. తర్వాత ఆలోచిస్తే వాడి లెక్కలో తప్పెక్కడుంది? ఇరవై మీద పది అంటే ముప్ఫయ్యే కదా. ముప్ఫై అనే కొత్త పేరు ఒకటుందని వాడికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. ఫ్రెంచి భాషలో అయితే డెబ్బైని 'అరవై-పది' అనే అంటారు, డెబ్బై ఒకటిని 'అరవై-పదకొండు' అంటారు. ఎనభై వాళ్లకి 'నాలుగు ఇరవైలు'. తొంభై 'నాలుగు ఇరవైల పది'. ఈ సంగతి చెప్తే చిన్నోడు అక్క వైపు తిరిగి, "చూశావా, నేను ఫ్రెంచిలో చదువుతున్నా" అన్నాడు. ఆ తర్వాత ఓ నెల దాకా ఏ లెక్క తప్పు చేసినా "అది ఫ్రెంచి" అనేవాడు. ఐదూ రెండూ ఎనిమిది కూడా ఫ్రెంచే.

పాపకి భిన్నాలు చెప్పినప్పటి ముచ్చట ఇంకా బాగుంటుంది. 1/2 పెద్దదా, 1/4 పెద్దదా అంటే తడుముకోకుండా 1/4 అంది. రెండు కంటే నాలుగు పెద్దది కదా అని. చాలామంది పిల్లలు పడేది సరిగ్గా ఇక్కడే. కాగితం మడిచి చూపించొచ్చు. కానీ ఆ రోజు వేరే ఆలోచన వచ్చింది. "సాయంత్రం గంటలో ఎంత భాగం కార్టూన్లు చూస్తావు, 1/2 నా, 1/4 నా? నువ్వే కోరుకో" అన్నాను. "ఒకటి బై నాలుగు!" అని ఎగిరి గంతేసింది. సరిగ్గా పదిహేను నిమిషాలకి టీవీ కట్టేశాను. నోరు తెరిచి నన్ను చూసింది, గడియారం చూసింది, ఏమీ అనలేదు. గదిలోకెళ్లి కాగితాలు మడుస్తూ కూర్చుంది. మర్నాడు "నాకు 1/2 కావాలి" అంది. ఎల్లుండి "2/2" అంది. ఆ మర్నాడు నా ఎదురుగా వచ్చి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "3/2" అంది. పై అంకె పెద్దదైన భిన్నాలు ఇంకా మొదలుపెట్టనేలేదు. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరూ చెప్పలేదు. గంటన్నర కావాలి, దాన్ని ఎలా రాయాలా అని చూశా" అంది. ఆ రోజు గంటన్నరా ఇచ్చేశాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను?

పాల గ్లాసుల విషయం బయటపడ్డప్పుడు మాత్రం ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ఒకే కొలత నీళ్లు ఒక వెడల్పు గ్లాసులో, ఒక సన్నటి పొడుగు గ్లాసులో పోసి, దేంట్లో ఎక్కువున్నాయని చిన్నోణ్ణి అడిగాను. పొడుగు దాంట్లో అన్నాడు. వాడి కళ్ల ముందే వెనక్కి పోసి చూపించినా అదే మాట. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల మీద చేసిన పేరుపడ్డ ప్రయోగం ఇది. దాదాపు ఏడేళ్లు వచ్చేదాకా పిల్లలు ఎత్తు చూసే ఎక్కువో తక్కువో చెప్తారని ఆయన గమనించారు. ఇదంతా పాపకి వివరిస్తున్నాను. మామూలుగా అన్నిటికీ ప్రశ్నలు వేసే పిల్ల ఎందుకో గోడ వైపు చూస్తోంది. విషయం ఏమిటంటే, సాయంత్రం పాలు పంచే పని దానిది. చిన్నోడికి రోజూ సన్నటి గ్లాసులో పోసి, "నీకే ఎక్కువ పోశా, తమ్ముడివి కదా" అని ఇస్తోంది. వాడు రోజూ "థ్యాంక్యూ అక్కా" అని తాగుతున్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "రెండు నెలలు" అంది. పియాజే పేరు వినకుండానే ప్రయోగం చేసేసింది! పంచాయితీ తీర్పు ప్రకారం వారం రోజులు పాలు పంచే పని చిన్నోడికి వెళ్లింది. వాడు తనకి సన్నటి గ్లాసులో నిండా పోసుకుని, అక్కకి వెడల్పు గ్లాసులో అంతకంటే ఎక్కువే పోసి, తనే గెలిచినట్టు గర్వంగా తాగాడు.

గింజల సంగతి అందరి ఇళ్లలోనూ జరిగేదే. చిక్కుడు గింజలు మట్టిలో నాటితే చిన్నోడు రోజుకి నాలుగుసార్లు తవ్వి చూసేవాడు. నాలుగు రోజుల్లో గింజలు పాడయ్యాయి. ఈసారి గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గాజుకి ఆనించి గింజలు అమర్చాం. ఇక తవ్వక్కర్లేదు, బయటికే కనిపిస్తుంది. పొద్దున లేవగానే పళ్లు కూడా తోముకోకుండా గ్లాసు దగ్గరికి పరుగు. మూడో రోజో నాలుగో రోజో తెల్లగా, పెన్సిల్ మొనంత బయటికొచ్చింది. మా ఆయన అప్పుడు వీడియో కాల్‌లో ఉన్నారు. తలుపు తోసుకుని వెళ్లి, "నాన్నా, నాకు వేరొచ్చింది!" అని అరిచాడు. అవతల ఆఫీసు వాళ్లందరూ ఏమైందని కంగారుపడ్డారట. గ్లాసు తెచ్చి కెమెరా ముందు పెట్టాకే మీటింగు ముందుకి సాగింది.

ఆ వేరు కిందికి పోవడం వాడికి నచ్చలేదు. మొక్కంటే పైకి రావాలి కదా, ఇది తలకిందులుగా మొలిచిందని గింజని తిప్పి పెట్టాడు. రెండ్రోజుల్లో వేరు మెడ వంచి మళ్లీ కిందికే తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ వంగింది. చివరికి ఆ వేరు కొక్కెంలా తయారైంది. "దానికి కళ్లు లేవు కదా, కింద ఎక్కడుందో ఎలా తెలుస్తోంది?" అని అడిగాడు. ఇదే ప్రశ్న చార్లెస్ డార్విన్‌కీ వచ్చింది. ఆయన, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి వేళ్ల మీద ప్రయోగాలు చేసి 1880లో ఆ వివరాలు ప్రచురించారు. వేరు కొసని కత్తిరిస్తే అది భూమి వైపు వంగడం మానేస్తుందని, అంటే కింద ఎటుందో పసిగట్టేది ఆ కొసేనని చెప్పారు. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్తే పాప పట్టుకున్నది ఒక్కటే: "నాన్న దగ్గర కొడుకు నేర్చుకున్నాడా? అయితే వాళ్లదీ హోంస్కూలే!" ఫ్రాన్సిస్ అప్పటికి ముప్ఫై దాటిన పెద్దమనిషి అని చెప్పినా వినిపించుకోలేదు. ఆ వారమంతా వాళ్ల నాన్నని "డార్విన్ గారూ" అని పిలిచింది.

ఇక ప్లూటో. మా ఆయన పాత అలవాటుగా తొమ్మిది గ్రహాలని చెప్పబోతే పాప ఆపేసింది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసి మరుగుజ్జు గ్రహాల్లో చేర్చిందని చదివి వినిపించింది. చిన్నోడి మొహం చిన్నబోయింది. "ప్లూటోని స్కూల్లోంచి తీసేశారా?" అన్నాడు. కాసేపు ఆలోచించి తనే సర్దిచెప్పుకున్నాడు: "పర్లేదు, అది ఇంట్లో చదువుకుంటుందిలే." ఆ మాటకి నేను వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. బడి మానేసి ఇంట్లో ఉండటం గురించి వాడి మనసులో ఏముందో అంతకుముందు ఎప్పుడూ బయటపెట్టలేదు. ప్లూటో సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 248 ఏళ్లు పడుతుందని, 1930లో దాన్ని కనుక్కున్నప్పటి నుంచి ఇంకా ఒక్క చుట్టు కూడా పూర్తి కాలేదని చెప్పాను. "అంటే ఒక్క బర్త్‌డే కూడా రాలేదా?" అని మరింత జాలిపడ్డాడు. ఆ సాయంత్రం బొమ్మ గీసి, కింద ప్లూటో అని రాసి, పక్కన ఒక్క కొవ్వొత్తి వెలిగించాడు. 'ప్లూటో'లో ఒత్తు ఎటు పెట్టాలో కూడా ఆ రోజే వచ్చింది వాడికి.

నా డైరీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ సంధులది. పాప వయసుకి సంధులు ఎక్కువే. అయినా 'విద్యాలయం' అనే మాట ఎలా వచ్చిందని తనే అడిగింది. విద్య, ఆలయం కలిపి చూపించాను. తలుపు, ఆపు కలిస్తే 'తలుపాపు', వాడు, ఎవడు కలిస్తే 'వాడెవడు' అని సరదాగా ఇంకో రెండు చెప్పాను. ఇక చూడండి, ఇంట్లో ఒక్క మాట విడిగా లేదు. 'తలుపాపండి', 'లైటార్పండి' అని చీటీలు రాసి గోడలకి అంటించేసింది. రెండ్రోజుల తర్వాత తమ్ముడితో గొడవపడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయట చీటీ: 'అక్కలిగింది'.

చిన్నోడు అప్పుడప్పుడే కూడబలుక్కుని చదువుతున్నాడు. చీటీ ముందు నిలబడి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "అ...క్క...లి... అక్కలి... ఆకలి!" అన్నాడు. గబగబా వెళ్లి డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు తీసుకొచ్చి తలుపు కింది సందులోంచి ఒక్కొక్కటే లోపలికి తోశాడు. మొదటి బిస్కెట్‌కి లోపల చప్పుడు లేదు. రెండోదానికి కిసుక్కున నవ్వు వినిపించింది. నాలుగోదానికి తలుపు తెరుచుకుంది.

ఆ రాత్రి అనుమానం వచ్చి వ్యాకరణం తిరగేశాను. అమ్మ, అక్క లాంటి స్త్రీవాచకాల చివరి అకారానికి సంధి లేదని ఉంది. 'అమ్మ, ఇచ్చెను' కలిస్తే 'అమ్మయిచ్చెను' అవుతుంది తప్ప 'అమ్మిచ్చెను' కాదు. మర్నాడు పాపకి అదే చెప్పి, "కాబట్టి అక్క, అలిగింది అన్న చోట సంధి జరగదు" అన్నాను. క్షణం ఆలోచించి కళ్లు మెరిపించింది. "అంటే అక్క అలిగితే సంధి లేదన్నమాట!" అప్పటి నుంచి తమ్ముడితో గొడవైనప్పుడల్లా అదే మాట. వాడికి ఆ మాటలో రెండో అర్థం ఉందని తెలియదు. సంధి కావాలంటే ఎన్ని బిస్కెట్లు పట్టుకెళ్లాలో మాత్రం తెలుసు.

బంధువులు ఫోన్ చేసి ఏ స్కూలని అడిగితే చిన్నోడు "హాలు స్కూలు" అనేవాడు. "ర్యాంకు ఎంత?" అంటే "నేను ఫస్టు, అక్క కూడా ఫస్టు" అనేవాడు. వాళ్ల క్లాసులో వాళ్లొక్కరే కాబట్టి అదీ నిజమే.

ఏడాది చివర్లో నాకు గొంతు పట్టేసింది. మాట పెగలడం లేదు. అయినా పాప పాఠం ఇంకో రెండు పేజీలే మిగిలిందని చాప మీద కూర్చుని చెప్తున్నాను. చిన్నోడు పెన్సిల్ బల్ల మీద పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లాడు. "అమ్మా, ఒకసారి ఇలా రా." ఫిర్యాదుల ఆఫీసు మూతబడి చాలా నెలలైంది. మళ్లీ ఏమొచ్చిందా అనుకుంటూ వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని కిందికి వంచి, హాలు వైపు ఒకసారి చూసి, చెవిలో చెప్పాడు.

"టీచర్‌కి గొంతు నొప్పిగా ఉంది. పాపం చెప్పట్లేదు. నువ్వు వేడినీళ్లు ఇస్తావా?"

నీళ్లు కాచి, గ్లాసులో పోసుకుని హాల్లోకి వచ్చి, చాప మీద కూర్చుని తాగాను. వాడు తన చోటులో కూర్చుని నేను తాగేదంతా చూశాడు. "ఎవరు పంపారు, మీ అమ్మగారా?" అని అడిగాను.

"ఊఁ. నేనే చెప్పి పంపించా" అన్నాడు, పెన్సిల్ తీసుకుంటూ.